పైన ఇంకో అంతస్తు వేసే ముందు కింద ఒక గుంత తవ్వి చూడండి

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు చెప్పుకుంటాను. నాచారంలో 180 గజాల్లో 1999లో కట్టిన జీ ప్లస్ వన్ ఇల్లు. కింద అమ్మానాన్నలు, పైన మీరు. నాన్నగారు రిటైరయ్యారు, పెన్షన్ లేదు. డాబా మీద రెండు పోర్షన్లు, వాటి పైన బ్యాచిలర్లకి రెండు గదులు వేస్తే నెలకి ముప్ఫై వేల కిరాయి వస్తుందని మేస్త్రీ లెక్క చెప్పాడు. "పిల్లర్లకి చువ్వలు వదిలే ఉన్నాయి సార్, బిల్డింగ్ తట్టుకుంటుంది" అని ధైర్యం కూడా చెప్పాడు. వేయొచ్చా, గిట్టుబాటవుతుందా అని అడిగారు.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. ఇరవై ఏళ్లకి పైగా హైదరాబాద్‌లో ఎక్కువగా చేసింది ఇదే పని: పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేయొచ్చో లేదో తేల్చడం. మీకు నా అంచనా: రెండో అంతస్తు బహుశా కుదురుతుంది. ఆ పైన బ్యాచిలర్ గదులు మాత్రం వద్దు. ముప్ఫై వేలు మర్చిపోండి, పద్దెనిమిది వేలు అనుకుని లెక్క మొదలుపెట్టండి.

చువ్వల సంగతి తేల్చేద్దాం. మన బస్తీల్లో ఏ డాబా ఎక్కి చూసినా నాలుగు వైపులా చువ్వలు నిలబడి ఉంటాయి. అవి ఇంటి బలానికి రుజువు కావు, ఇల్లు కట్టిన రోజున ఆ ఇంటాయనకున్న కోరికకి గుర్తు, అంతే. మీ చువ్వలు పాతికేళ్లుగా ఎండకి ఎండి వానకి తడిశాయి. ఒకదాన్ని పట్టుకుని వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దండి. పొరలు పొరలుగా ఊడితే 12 ఎంఎం చువ్వ కాస్తా 9 ఎంఎం అయ్యుంటుంది. దానికి కొత్త స్టీలు కట్టి పిల్లరు లేపితే, మొత్తం బరువు దిగాల్సిన చోటే బలహీనమైన అతుకు పెట్టినట్టు. పిల్లరు తల కొట్టి లోపల మంచి స్టీలు దొరికేదాకా వెళ్లాలి, అక్కణ్ణుంచి 12 ఎంఎంకి కనీసం రెండడుగుల ల్యాప్ ఇవ్వాలి, అంటే పాత చువ్వా కొత్త చువ్వా అంత పొడవున పక్కపక్కనే కలిసి ఉండాలి. అది కుదరకపోతే పిల్లర్లో డ్రిల్ చేసి కొత్త చువ్వని రసాయన జిగురుతో బిగించాలి, దాన్నే కెమికల్ యాంకరింగ్ అంటారు. మేస్త్రీలు సాధారణంగా ఇవేవీ చేయరు. తుప్పు చువ్వలకే బైండింగ్ వైరు చుట్టేసి షట్టరింగ్ బిగించేస్తారు.

అయితే అసలు ప్రశ్న పైన చువ్వల్లో లేదు, కింద ఫుటింగ్‌లో, అంటే పిల్లరు బరువుని నేల మీదకి దించే పునాది దిమ్మలో ఉంది. ఒక లోపలి పిల్లరు తీసుకుందాం. దాని వాటాకి వచ్చే స్లాబు సుమారు 10 చదరపు మీటర్లు. అయిదంగుళాల స్లాబు అంటే చదరపు మీటరుకి 310 కిలోలు, అంటే మూడు టన్నులు. ఫ్లోరింగ్ ఒక టన్ను. బీములు ఒక టన్ను. మనుషులు, మంచాలు, బీరువాల కోసం కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కేస్తాం, అవి రెండు టన్నులు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి మీటరు పొడవుకి 800 కిలోల దాకా తూగుతుంది. అలాంటిది అయిదు మీటర్లుంటే నాలుగు టన్నులు. వెరసి ఒక్క అంతస్తుకే ఆ ఒక్క పిల్లరు మీద పదకొండు టన్నులు. ఇప్పటికే ఉన్న రెండంతస్తులది 22. మొత్తం 33.

ఇప్పుడు ఆ పిల్లరు కింద నాలుగడుగుల చదరం ఫుటింగ్ ఉందనుకోండి. వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు. మొరం నేల చదరపు మీటరుకి 20 టన్నులు మోస్తుందనుకుంటే 30 టన్నులకే సరిపోయింది. అదే అయిదడుగుల ఫుటింగ్ అయితే 46 టన్నుల దాకా మోస్తుంది. ఒక్క అడుగు తేడా. ఆ ఒక్క అడుగు ఉందో లేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు, మీ మేస్త్రీకి అసలే తెలీదు.

అందుకే గుంత తవ్వమంటున్నాను. కాంపౌండ్ వైపు ఒక పిల్లరు పక్కన, వీలైతే లోపల మెట్ల కింద ఇంకో పిల్లరు పక్కన. రెండూ ఒకే రోజు తవ్వొద్దు. ఫుటింగ్ అడుగు కనబడగానే ఆపేయాలి, దాని కిందికి తవ్వకూడదు. టేపు పెట్టి వెడల్పు, మందం కొలవండి. అడుగున ఉన్నది ఎర్ర మొరమా, రాయా, నల్ల రేగడా, లేక ఎప్పుడో పోసిన చెత్త మట్టా చూడండి. ఫొటోలు తీసి అదే రోజు సాయంత్రానికల్లా పొరలు పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టి పూడ్చేయాలి. ఇద్దరు కూలీల ఒక్క రోజు పని. ఇరవై లక్షల నిర్ణయానికి ఇంత చవకైన పరీక్ష ఇంకోటి లేదు.

ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో మా దూరపు బంధువుల ఇంటికి అంతస్తు డిజైన్ చేశాను. కింద ఇల్లు కట్టిన పెద్ద మేస్త్రీనే పిలిపించారు. "అయిదడుగులు వేశా బాబూ, నా చేత్తో" అన్నాడు. వయసులో పెద్దవాడు, మాట మీద నమ్మకముంచాను. స్లాబు పడి గోడలు లేచాక కింద హాల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు బయల్దేరింది. అప్పుడు తవ్విస్తే మూడున్నర అడుగులు. ఆయన అబద్ధం చెప్పలేదు, వేరే ఇంటితో పొరబడ్డాడు. ఫుటింగ్‌లు పెంచి పిల్లర్లకి జాకెటింగ్ (చుట్టూ కొత్త స్టీలు, కాంక్రీటు తొడగడం) చేయించేసరికి నాలుగు నెలలు, వాళ్లింట్లో ఒక పెళ్లి వాయిదా. ఇప్పటికీ వాళ్ల ఫంక్షన్లకి వెళ్తే నా కళ్లు ముందు ఆ మూలకే పోతాయి.

కాంక్రీటు గురించి కూడా ఒక మాట. మీ ఇల్లు 1999ది. ఆర్‌సీసీకి కనీసం ఎం20 గ్రేడు ఉండాలని కాంక్రీటు పనుల జాతీయ కోడ్ ఐఎస్ 456 చెప్పింది 2000లో. ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ. అంతకు ముందు చేత్తో కలిపిన ఒకటి-రెండు-నాలుగు పాళ్ల కాంక్రీటే ఎక్కువ, అది మహా అయితే ఎం15. మీ పిల్లర్లు 9×9 అంగుళాలు అయితే మూడో స్లాబుకి అంచు మీద ఉన్నట్టే, 9×12 అయితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. పిల్లరు పైన కొట్టి కాంక్రీటు బలం అంచనా వేసే హామర్ టెస్ట్ చేయించండి. అనుమానంగా ఉంటే రెండు చోట్ల కోర్, అంటే ల్యాబ్‌లో పరీక్షించడానికి చిన్న కాంక్రీటు ముక్క తీయించండి. హైదరాబాద్ భూకంపాల మ్యాపులో ప్రమాదం తక్కువున్న జోన్ 2 అని కొందరు ధీమాగా ఉంటారు. ఇక్కడ ఇళ్లని పాడుచేసేది ఎక్కువగా భూకంపం కాదు, ఇలాంటి అంచనాలే.

తవ్విన తర్వాత నాలుగడుగులే తేలిందనుకోండి, అంతటితో ఆశ వదులుకోనక్కర్లేదు. గోడలకి ఇటుక బదులు తేలికగా ఉండే ఏఏసీ బ్లాకులు వాడితే ఒక్కో పిల్లరుకి రెండు టన్నుల పైనే తగ్గుతుంది. పోర్షన్ల మధ్య గోడలన్నీ బీముల మీదే వచ్చేలా ప్లాన్ గీయించుకోవాలి. వెయ్యి లీటర్ల ట్యాంకంటే ఒక టన్ను, రెండు ట్యాంకులు ఒకే పిల్లరు నెత్తిన పెట్టకూడదు. ఇంత చేశాక కూడా నాలుగైదు ఫుటింగ్‌లు పెంచాల్సి వస్తోందంటే మాత్రం ఈ ఆలోచన మానుకోమంటాను. ఆ ఖర్చు కిరాయిల్లో తిరిగి రాదు.

ఇక పర్మిషన్. తెలంగాణ బిల్డింగ్ రూల్స్ అంటే 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168. మీ 180 గజాలంటే 150 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవచ్చు. ముందు ఒకటిన్నర మీటరు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. 10 మీటర్లంటే 32 అడుగుల 9 అంగుళాలు. బేస్‌మెంట్ రెండడుగులు, మూడంతస్తులు పదేసి అడుగులు, అక్కడికే 32 అయింది. అంటే మీ మూడో స్లాబుతో ఎత్తు అయిపోయింది. మెట్ల గది, నీళ్ల ట్యాంకు మినహాయింపు. బ్యాచిలర్ గదులకి మినహాయింపు లేదు.

"అందరూ వేసుకుంటున్నారు కదా" అంటారు. నిజమే, మీ వీధిలోనే నాలుగు పెంట్‌హౌస్‌లు ఉండొచ్చు. అక్రమ అంతస్తుకి ఆస్తి పన్ను మీద జరిమానా పడుతుంది. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం అయిపోదు. 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో క్రమబద్ధీకరణకి దరఖాస్తులు తీసుకున్నారు, హైకోర్టులో కేసు పడి అవి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. ఇంటి అనుమతుల కోసం చేసిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక ఇంకో మార్పు: 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో ఆన్‌లైన్‌లోనే వెంటనే అనుమతి వస్తుంది. సంతోషమే. కానీ మీరు సంతకం పెట్టి ఇచ్చిన మాట తప్పితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. వాళ్లు కూల్చకపోయినా, పక్కింటాయనకి మీ మీద కోపం వచ్చిన రోజున ఆ రెండు గదులే ఆయన చేతికి దొరికే ఆయుధం.

దరఖాస్తుకి ముందు కాగితాలు చూసుకోండి. పాత ప్లాన్ మంజూరు కాపీ ఉందా, అందులో చూపించినట్టే కింద సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలారా, లేఅవుట్ అప్రూవ్డేనా, కాకపోతే ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా. నాచారం కాబట్టి చెరువు దూరం కూడా చూసుకోవాలి. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో ఎవరూ కళ్లు మూసుకోవట్లేదు.

బయటి నుంచి మెట్లు వేద్దామని మీకూ అనిపించి ఉంటుంది. కిరాయిదార్లు మన ఇంట్లోంచి రాకపోకలు చేయక్కర్లేదు కదా అని. ఆ మెట్లు సెట్‌బ్యాక్‌లోకి వస్తే అదీ ఉల్లంఘనే. ఉన్న మెట్లనే పైకి పొడిగించి, మీ మొదటి అంతస్తు తలుపు దగ్గర ఒక గ్రిల్ పెట్టుకోండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి, అంటే నీళ్లు, మోరీ, కరెంటు. నా అనుభవంలో టూలెట్ బోర్డు నెలల తరబడి వేలాడే ఇళ్లలో సగానికి సగం ఈ మూడింటి దగ్గరే దెబ్బతిన్నవి.

మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది ఇంజనీర్లు వాడే లెక్క. మీ ఇంట్లో ఇప్పుడు ఆరుగురు, పైన రెండు పోర్షన్లలో ఇంకో ఆరుగురు అనుకుంటే రోజుకి 1,600 లీటర్లు, నెలకి దాదాపు 49 వేలు. జలమండలి ఇచ్చే ఉచిత నీళ్లు నెలకి 20 వేల లీటర్లు. మిగతాది బోరు నుంచి రావాలి, లేదా బిల్లు కట్టాలి, లేదా ట్యాంకరు పిలవాలి. మీ బోరు గత ఏప్రిల్, మే నెలల్లో ఎలా ఉందో గుర్తు చేసుకోండి. గుర్రు గుర్రుమని గాలి కొట్టి ఉంటే ముందు ఇంకుడు గుంత తవ్వించి, సంపు పెద్దది చేయించండి, తర్వాతే స్లాబు సంగతి. నీళ్ల కోసం కిరాయిదారుతో మొదలైన పేచీ ఎప్పుడూ నీళ్లతో ఆగదు.

మోరీ విషయం. 1999లో ఇంటి నుంచి వీధి మ్యాన్‌హోల్ దాకా నాలుగంగుళాల పైపు వేసుంటారు, అదీ స్టోన్‌వేర్ గొట్టం అయ్యుంటుంది. నాలుగు కుటుంబాలకి అది చాలదు. ఆరంగుళాల పీవీసీ వేయించి మూల తిరిగే ప్రతి చోటా ఛాంబరు పెట్టించండి. పైన టాయిలెట్లు కింది టాయిలెట్ల మీదే రావాలి. ఇది ఇంజనీరింగ్ మాత్రమే కాదు, ఇంట్లో శాంతి కూడా. ఒకసారి రామంతాపూర్‌లో ప్లాన్ అంతా బాగా కుదిరింది, బాత్రూం మాత్రం సరిగ్గా కింద పూజగది నెత్తిన పడింది. నేను గమనించలేదు, మార్కింగ్ రోజు ఆ ఇంటి పెద్దావిడ పైకొచ్చి సుద్దముక్క గీతలు చూసి, కిందికి వెళ్లి ఏ గది ఎక్కడుందో లెక్కపెట్టుకుని, మళ్లీ పైకొచ్చి "నాయనా, దేవుడి మీద ఇదేంటి" అంది. ప్లాన్ తిరగరాశాను. లీకేజీ కోణంలో చూసినా ఆవిడ చెప్పిందే కరెక్టు.

కరెంటు మీటర్లు విడివిడిగా తీసుకోండి. సబ్ మీటరు పెట్టి మనమే వసూలు చేసుకుందామనుకుంటే ఎంత నష్టమో చూడండి. 2022 నుంచి ఉన్న గృహ రేట్ల ప్రకారం, మూడు కుటుంబాలు తలా 150 యూనిట్లు ఒకే మీటరు మీద కాల్చితే 450 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీలే 3,165 రూపాయలు. అవే విడి మీటర్లయితే ఒక్కొక్కటి 580, మూడూ కలిపి 1,740. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే కరెంటు స్లాబుల తేడా అది. పైగా రేషన్ కార్డున్న కిరాయిదారుకి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం వర్తించాలంటే ఆ పోర్షన్‌కి సొంత మీటరు ఉండాలి. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు ఈ మధ్య కిరాయి కంటే ముందు అడుగుతున్నది ఇదే.

పోర్షన్లు ఎలా విడదీయాలి? సెట్‌బ్యాక్ పోను మీకు స్లాబు సుమారు 1,050 చదరపు అడుగులు వస్తుంది. మెట్లు పోగా రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు 450 చొప్పున. ఒకే డబుల్ బెడ్‌రూమ్ కూడా వేయొచ్చు, నెలకి పదమూడు పద్నాలుగు వేలు వస్తుంది, తలనొప్పి తక్కువ. కానీ అది ఖాళీ అయితే మొత్తం సున్నా. చిన్న పోర్షన్లయితే ఒకటి ఖాళీగా ఉన్నా ఇంకోటి నడుస్తుంది. హబ్సిగూడ, తార్నాక మెట్రో స్టేషన్లు దగ్గరే కాబట్టి కొత్తగా పెళ్లయిన జంటలు, చిన్న ఉద్యోగులు మీకు దొరుకుతారు. నా ఓటు రెండు చిన్న పోర్షన్లకే. వంటగది మాత్రం వెలుతురు వచ్చే వైపు పెట్టండి. ఇల్లు చూసేటప్పుడు ఆడవాళ్లు మొదట వెళ్లేది అక్కడికే, కాదనేది కూడా అక్కడే.

పైకప్పు వేడి మర్చిపోకండి. ఆఖరి అంతస్తులో ఏప్రిల్‌కల్లా స్లాబు పెనంలా కాలుతుంది, మే నెలలో ఇల్లు ఖాళీ చేస్తామంటారు. వాటర్‌ప్రూఫింగ్ మీద తెల్ల టైల్సో కూల్ రూఫ్ పెయింటో వేయించండి. 600 గజాల లోపు ఇళ్లకి ఇది తప్పనిసరి కాదని తెలంగాణ కూల్ రూఫ్ పాలసీలో ఉంది కానీ, మీకు మీ కిరాయి కోసం తప్పనిసరి.

ఇప్పుడు డబ్బులు. ఈ మధ్య నేను చూస్తున్న పనుల్లో మామూలు ఫినిషింగ్‌తో చదరపు అడుగుకి రెండు వేలు పడుతోంది. 1,050 అడుగులకి 21 లక్షలు. పర్మిషన్, టెస్టులు, మీటర్లు, మోరీ, సంపు కలిపి ఇంకో రెండు. మొత్తం 23 లక్షలు. కిరాయి తొమ్మిదేసి వేలు చొప్పున ఏడాదికి 2 లక్షల 16 వేలు. ఏడాదిలో ఒక్కో పోర్షన్ ఒక నెల ఖాళీ అని 18 వేలు తీసేయండి. పెయింటు, ప్లంబింగ్, పెరిగే ఆస్తి పన్ను కింద ఇంకో 18 వేలు. మిగిలేది లక్షా 80 వేలు, అంటే పెట్టుబడి మీద ఎనిమిది శాతం కంటే కొంచెం తక్కువ. బ్యాంకు లోన్ వడ్డీ 9 శాతం అనుకుంటే ఇల్లు ఇచ్చేదానికంటే అప్పు తినేదే ఎక్కువ. 15 లక్షలు 15 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 15,200. రెండు పోర్షన్లూ నిండి ఉన్నప్పుడు మీ చేతిలో మిగిలేది 2,800. ఒకటి ఖాళీ అయిన నెల మీ జేబులోంచి ఆరు వేలు. నాన్నగారికి పెన్షన్‌లా ఉండాలన్నది ఉద్దేశమైతే ఇది పెన్షన్ కాదు, టెన్షన్. అయిదారు లక్షలకి మించి అప్పు అవసరం లేని పరిస్థితి ఉంటేనే దిగండి. లేదంటే రెండేళ్లు ఆగండి.

ఇంకోటి, ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? నాన్నగారి పేరు మీద ఉంటే కిరాయి ఆయన ఆదాయం. 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోను ఆయనకి పన్ను పడకపోవచ్చు, అది మంచిదే. కానీ లోన్ మీరు తీసుకుంటే, ఇల్లు మీది కాదు కాబట్టి ఆ వడ్డీని మీ రిటర్నులో చూపించుకోలేరు. చాలామంది అబ్బాయిలు ఈఎంఐ మొదలయ్యాక ఆడిటర్ దగ్గర ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకుంటారు. లోన్‌కి వెళ్లే ముందే తేల్చుకోండి.

అగ్రిమెంట్ పదకొండు నెలలకి రాసుకోండి, రెండు నెలల అడ్వాన్స్, ఆధార్ కాపీ, పోలీస్ వెరిఫికేషన్. ఇవి మీకు ఎవరైనా చెప్తారు.

పని మొదలైతే అయిదారు నెలలు అమ్మానాన్నలు దుమ్ములో, చప్పుడులో ఉండాలి. స్లాబుకి క్యూరింగ్ నీళ్లు నిలబెట్టినన్నాళ్లు కింద సీలింగ్‌లో పాత పగుళ్లన్నీ చెమ్మగా బయటపడతాయి. అవి ఎక్కడెక్కడో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, తర్వాత పూడ్చడానికి పనికొస్తాయి. అమ్మగారికి ఉబ్బసం లాంటిదేమైనా ఉంటే ఆ నెలలు ఇంకో చోట ఉంచడం మేలు.

వానలు ఇంకా మొదలవలేదు కాబట్టి వచ్చే ఆదివారమే గుంత తవ్వించండి. ఫుటింగ్ వెడల్పు, మందం, పిల్లరు సైజు, అడుగు మట్టి ఫొటో, చువ్వ రుద్దిన ఫొటో, పాత ప్లాన్ కాపీ, ఈ ఆరూ ఇక్కడే పెట్టండి. టేపు ఫుటింగ్ మీద ఆనించి, అంకెలు కనబడేలా తీయండి.